వెళ్లేటప్పుడు గంటా ఇరవై

"నీకు ముందే తెలుసా?" అన్నాడు అన్నయ్య.

వదిన సింకు దగ్గర నిలబడి గ్లాసు కడుగుతోంది. కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది. నేను ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతున్నాను. చేతులు ప్యాంటు మీద, చెవులు వంటగదిలో.

"నిన్నే."

"వినపడుతోందండీ."

"వినపడితే జవాబు చెప్పు. ఈ కాగితంలో ఉన్నది నీకు ముందే తెలుసా, తెలియదా?"

వదిన కుళాయి కట్టేసింది. గ్లాసు తీసి బోర్లించింది.

ఆ కాగితం తెచ్చిన పాపం నాదే. పొద్దున పదింటికి టికెట్ల ఆఫీసుకి వెళ్లి, వచ్చే నెల మొదటి శనివారానికి అన్నయ్యకీ పిచ్చుకకీ రానూపోనూ విమానం టికెట్లు తీసుకొచ్చాను. పిచ్చుకంటే వాళ్ల కూతురు. పదేళ్లది. నోరు మూసుకుంటే ఒట్టు. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది, దాని అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

అన్నయ్య టికెట్లు అందుకుని, అలవాటు కొద్దీ జేబులోంచి పెన్సిలు తీశాడు. వెళ్లే విమానం ఒంటిగంటన్నరకి బయల్దేరి రెండూ యాభైకి దిగుతుంది. గంటా ఇరవై. తలాడించాడు. వచ్చే విమానం మూడున్నరకి బయల్దేరి ఆరూ యాభైకి దిగుతుంది. మూడు గంటలా ఇరవై. పెన్సిలు ఆగిపోయింది.

"అచ్చు తప్పు" అన్నాడు. "వెళ్లేదీ అదే దారి, వచ్చేదీ అదే దారి. రెండు గంటల తేడా ఎక్కణ్ణుంచి ఊడిపడింది? వెళ్లి సరి చేయించుకురా."

చచ్చినట్టు మళ్లీ వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నవ్వు ఆపుకుంటూ చెప్పింది. విమానం దిగే ఊళ్లో గడియారం మనకంటే గంట వెనక నడుస్తుంది. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. అందుకని వెళ్లేటప్పుడు గంట తగ్గినట్టు కనిపిస్తుంది, వచ్చేటప్పుడు గంట పెరిగినట్టు కనిపిస్తుంది. అసలు ప్రయాణం ఎటు వెళ్లినా రెండు గంటలా ఇరవై నిమిషాలే. మధ్యలో సముద్రం, పధ్నాలుగు వందల ముప్ఫై కిలోమీటర్లు. ఇంటికొచ్చి అన్నయ్యకి అదే అప్పజెప్పాను.

ఈ మాత్రం తెలియదా మీ అన్నయ్యకి అంటారేమో. తెలియకపోవడానికి కారణం ఉంది. ఆయన పంతొమ్మిదేళ్లుగా బస్సు డిపోలో టైమ్‌కీపరు. గేటు పక్క గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి వెళ్లింది, ఎన్నింటికి చేరింది అని రాస్తాడు. డిపోలో అందరూ ఆయన్ని గడియారం అనే పిలుస్తారు. చేరిన టైములోంచి బయల్దేరిన టైము తీసేస్తే ప్రయాణం ఎంతసేపో తేలుతుంది. పంతొమ్మిదేళ్లలో ఆ తీసివేత ఒక్కసారీ తప్పలేదు. పైగా వాళ్లకో పద్ధతుంది. వెళ్లే ట్రిప్పు టైము తెలిస్తే చాలు, వచ్చే ట్రిప్పుకీ అదే వేసుకుంటారు. అన్నయ్య విమానానికి కూడా అదే వేసుకున్నాడు. వచ్చే విమానం ఎన్నింటికి దిగుతుందో చూడనే లేదు. పుట్టి బుద్ధెరిగాక విమానం ఎక్కిన మనిషి కాదు.

ఆ గంటా ఇరవైని నమ్ముకునే పోయిన శనివారం వదినకి సరే అన్నాడు.

వదినది కట్టుడు పళ్లు చేసే పని. పధ్నాలుగేళ్లుగా ఒకే ల్యాబులో చేస్తోంది. గోళ్ల సందుల్లో ఎప్పుడూ గులాబీ రంగు పొడి. డాక్టరు పంపిన పళ్ల అచ్చు చూసి ఆ మనిషి ఏ వైపు నములుతాడో, నిద్దట్లో పళ్లు కొరుకుతాడో లేదో చెప్పేస్తుంది. కష్టం ఈవిడది, పేరు యజమానిది. ఇప్పుడు ఆ ఊళ్లో కొత్తగా ల్యాబు పెడుతున్నవాళ్లు దాన్ని మొత్తం వదిన చేతిలో పెడతామన్నారు. కింద పన్నెండు మంది పనివాళ్లు. మూడేళ్ల ఒప్పందం. వస్తానో రానో ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా రాసి పంపాలి.

"ప్రతి శనివారం నేనూ నువ్వూ విమానం ఎక్కుతాం" అని అన్నయ్య ఆ రోజు పిచ్చుకని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఆదివారం మూడున్నరకి అక్కడ ఎక్కితే నాలుగూ యాభైకి ఇక్కడ దిగుతాం. ఆరింటికి నేను డ్యూటీలో ఉంటాను. మన ఆఖరి స్టాపుకి వెళ్లే బస్సుకే గంటా నలభై పడుతోంది. ఆ లెక్కన మీ అమ్మ పక్క వీధిలో ఉన్నట్టే. పైగా సముద్రం మీద సిగ్నళ్లు కూడా ఉండవు!"

ఇప్పుడు ఆరూ యాభైకి దిగితే ఆరింటి డ్యూటీ ఏ గంగలో కలవాలి?

"తెలుసు" అంది వదిన చివరికి.

"ఎప్పట్నుంచి?"

"మీరు సరే అన్న రెండో రోజు నుంచి. వాళ్లు ఫోన్ చేసినప్పుడు మాటల్లో అక్కడ టైమెంతో చెప్పారు. అప్పుడు తెలిసింది."

"అంటే ఐదు రోజులు. నేను డిపోలో కనపడినవాడికల్లా గంటా ఇరవై, గంటా ఇరవై అని డప్పు కొడుతుంటే ఐదు రోజులు నోరు విప్పలేదు."

"విప్పితే ఏమనేవారు?"

అన్నయ్య పెన్సిలు జేబులో పెట్టేశాడు.

"నాకు భయమేసింది" అంది వదిన. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. "ఇన్నేళ్లలో మొదటిసారి నన్ను వెళ్లమన్నారు. ఆ మాట ఎక్కడ వెనక్కి తీసుకుంటారోనని భయమేసింది. ఇంకేం లేదు."

"అందుకని నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"నేను చేయలేదండీ. మీ తీసివేత చేసింది."

నాకు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని తెలుసు, పెదవి కొరుక్కున్నాను, అయినా కిసుక్కుమంది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అన్నయ్య నా మీదకి తిరిగాడు.

"నీకేం నవ్వు? ఇందులో నువ్వూ ఉన్నావా?"

"నాకేం తెలుసన్నయ్యా? నేను ప్యాంట్లు పొట్టి చేసుకునేదాన్ని. గంటలు పొట్టి చేయడం నాకు చేతకాదు."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అని అమ్మ సోఫాలోంచి కసిరింది. మోకాళ్ల మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉంది. "నువ్వు మిషను తొక్కుకో. ఒరేయ్, నువ్విటు రా. ఒక్క గంట తేడాకి ఇంత రాద్ధాంతమా? మీ నాన్న ఓడ ఎక్కితే ఎనిమిది నెలలకి దిగేవాడు. నేను కాపురం చేయలేదా?"

"చేశావమ్మా. అదే చెబుతున్నాను" అన్నాడు అన్నయ్య. గొంతు తగ్గింది. "నాన్న వచ్చినప్పుడల్లా నేను మంచం కిందకి దూరేవాణ్ణి. నీకు గుర్తుందో లేదో. ఎవరో కొత్తాయన వచ్చాడు, ఎప్పుడు పోతాడా అని చూసేవాణ్ణి. ఆయన బొమ్మ చేత్తో పట్టుకుని నేల మీద కూర్చుని, రారా, నేను నాన్ననిరా అని బతిమాలేవాడు. పిచ్చుకకి అలా కాకూడదని ప్రతి వారం అన్నాను. సరదాకి అనలేదు."

అమ్మ వేడినీళ్ల సంచి పక్కన పెట్టేసింది. నాకు నాన్న అంతగా గుర్తులేడు. నవ్వినందుకు సిగ్గేసింది.

వదినే ముందు నోరు తెరిచింది. "మరి ఇప్పుడేమంటారు?"

"ఆదివారం సాయంత్రం బళ్లన్నీ ఒక్కసారే గేట్లోకి వస్తాయి. ఆ టైములో నేను లేకుండా కుదరదు. నెలకొకసారి సెలవు పెట్టగలను. అంతకి మించి నా వల్ల కాదు."

"నెలకొకసారి."

"ఊఁ."

"నెలకొకసారి కూతురి మొహం చూసుకునే తల్లినా నేను?"

"అయితే వెళ్లకు."

"వెళ్లమన్నది మీరే."

"గంటా ఇరవై అనుకుని వెళ్లమన్నాను!" అని అరిచాడు. అరిచాక ఆగలేకపోయాడు. "వెళ్తే వెళ్లు. నేను కాళ్లకి అడ్డం పడను. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తలుపు దడాల్న వేసిన చప్పుడుకి నా దారం ఉండ కింద పడి మంచం కిందకి దొర్లింది. అప్పుడు టైము ఒంటిగంట.

"వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు" అంది అమ్మ. "చిన్నప్పట్నుంచీ అంతే."

బడికి సెలవు కాబట్టి పిచ్చుక లోపలి గదిలో హోంవర్కు చేసుకుంటోంది. మంచినీళ్లకని ఒకసారి బయటకి వచ్చింది. వాళ్లమ్మ వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది, నీళ్లు తాగి వెళ్లిపోయింది. నాన్నేడి అని కూడా అడగలేదు.

వదిన భోజనం చేయలేదు. బల్ల మీద కంప్యూటరు తెరుచుకుని కూర్చుంది. రెండు లైన్లు కొడుతుంది, చెరిపేస్తుంది, కిటికీలోంచి చూస్తుంది. మళ్లీ కొడుతుంది. నేను ప్యాంటు పూర్తి చేశాను, ఇంకో రెండు జాకెట్లు విప్పాను, ఆఖరికి ఉండబట్టలేక వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏం రాస్తున్నావు వదినా?"

"వస్తానని."

"అన్నయ్య మనసులో..."

"చదువు" అని కంప్యూటరు నా వైపు తిప్పింది.

మొదటి లైనులో ఉద్యోగానికి ఒప్పుకున్నానని ఉంది. రెండో లైను చదివాక కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కున్నాను. నాతో పాటు నా కూతురు కూడా వస్తుంది, ఇద్దరికి సరిపోయే ఇల్లు చూడండి, దగ్గర్లో బడి ఉండాలి అని రాసింది.

"పంపేశావా?"

"ఇంకా లేదు."

"అన్నయ్యకి చెప్పకుండా? మళ్లీనా వదినా?"

ఆ మాట తగిలింది. వదిన మొహం తిప్పుకుంది. నా మాటకి నాకే బాధేసింది, కానీ వెనక్కి తీసుకోలేదు. ఎందుకంటే నా బాధ నాకుంది. పిచ్చుక పుట్టినప్పట్నుంచీ నా పక్కలోనే పడుకుంటుంది. దాని కాలు నా పొట్ట మీద పడకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది కుట్టుమిషనూ, అదీ. అది వెళ్లిపోతుందని నాకెవరూ చెప్పలేదు.

"చెప్పకుండా పంపను" అంది వదిన నెమ్మదిగా. "ఒకసారి చేసిన తప్పు చాలు. ఆయన వస్తే చెబుతాను. ఆరు దాకా రాకపోతే పంపేస్తాను."

"ఆరేంటి? ఐదు కదా గడువు?"

"వాళ్ల ఐదు మనకి ఆరు."

నేను నాలుక కరుచుకున్నాను. పొద్దున అంతా విని, కౌంటరు అమ్మాయి దగ్గర పాఠం చెప్పించుకుని వచ్చి, ఆ గంట నాకే గుర్తులేదు. ఇక అన్నయ్యని అనడానికి నాకేం మొహం ఉంది?

ఐదు కొట్టింది. అన్నయ్య రాలేదు. ఐదుంబావు అయింది. అమ్మ రెండుసార్లు కిటికీ దగ్గరికి వెళ్లి, మోకాళ్ల నొప్పి లేనట్టు నడిచి వచ్చింది.

ఐదూ పాతికకి తలుపు తీసుకుని వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. మా అన్నయ్య మొహం అలా చూసి ఎన్నాళ్లయిందో!

"డిపోకి వెళ్లాను" అన్నాడు కూర్చోకుండానే. "మేనేజరు మీటింగులో ఉన్నాడు. మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ ఏమీ అడగలేదు కదా, నేను అడిగేసరికి ఆయనకే కంగారేసింది. ఆదివారం సాయంత్రం డ్యూటీ తీసేశారు. దానికి బదులు మిగతా రోజులన్నీ తెల్లవారుజామున నాలుగింటి డ్యూటీ. ఎవడూ ఒప్పుకోని డ్యూటీ అది. నేను ఒప్పుకున్నాను."

"రోజూ మూడింటికి లేస్తావురా?" అంది అమ్మ.

"లేస్తాను. ప్రతి శనివారం వెళ్తాం, ఆదివారం ఏడింటికి దిగుతాం. మాటంటే మాటే." వదిన వైపు తిరిగాడు. అప్పుడు గోడ గడియారం చూశాడు. మొహంలో వెలుగంతా దిగిపోయింది. "ఐదు దాటిపోయింది. ఏం రాసి పంపావు?"

"పంపలేదు. అక్కడ ఇంకా నాలుగూ పాతికే."

ఒక్క క్షణం పట్టింది ఆయనకి. తర్వాత గట్టిగా నవ్వాడు. "చూశావా! పొద్దుణ్ణుంచి నా ప్రాణం తీసిన గంట! సరే, ఇంకా చూస్తావేం? పంపు!"

వదిన చెయ్యి కదల్లేదు.

"పంపవేం?"

"ముందు చదవండి. చదవకుండా పంపకూడదనే కూర్చున్నాను."

అన్నయ్య వంగి చదివాడు. ఆయన చదివేటప్పుడు పెదవులు కదులుతాయి. రెండో లైను దగ్గర పెదవులు ఆగాయి. మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"ఇద్దరికా?"

"ఊఁ."

"నేను కోపంలో అన్న మాట పట్టుకుని..."

"మీరు కోపంలో అన్నారు. నేను కోపంలో రాయలేదు. నాలుగు గంటలు కూర్చుని రాశాను."

"ఇప్పుడు ప్రతి వారం వస్తున్నాం కదా. ఆ లైను తీసేయ్."

"కూర్చోండి" అంది వదిన. ఆయన కూర్చోలేదు. "శనివారం రెండూ యాభైకి దిగుతారు. ఇంటికి చేరేసరికి నాలుగు. ఆదివారం ఒంటిగంటకి మళ్లీ బయల్దేరాలి. మధ్యలో నిద్ర తీసేస్తే నాకు మిగిలేది పన్నెండు గంటలు. మీలాగే తీసివేశాను. వారానికి పన్నెండు గంటలు. దానికి జ్వరం వస్తే తెలియదు. బడిలో ఎవరితో దెబ్బలాడిందో తెలియదు. నాలుగింటికి మీరు డ్యూటీకి వెళ్తే దాన్ని బడికి పంపేది మీరు కూడా కాదు, మీ చెల్లెలు."

"మరి నాకు?" అన్నాడు అన్నయ్య.

"ఏంటి?"

"అది అక్కడుంటే నాకు మిగిలేదీ ఆ పన్నెండు గంటలే కదా."

వదిన కంప్యూటరు మీంచి చెయ్యి తీసేసింది. నాలుగు గంటలు ఆలోచించింది కానీ ఆ లెక్క వేసినట్టు లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పొద్దుణ్ణుంచి తిండి లేదు ఆ మనిషికి, ఆ సంగతి నాకప్పుడు తట్టింది.

"తాడు తెగేదాకా లాగకండర్రా" అంది అమ్మ. ఆమె గొంతులోనూ పస లేదు. "ఎవరో ఒకరు తగ్గండి."

"ఎవరు తగ్గాలమ్మా? ఎలా తగ్గాలి?" అన్నాడు అన్నయ్య. తర్వాత వదినని అడిగాడు. "పిచ్చుకని అడిగావా?"

"లేదు. మీరు?"

"లేదు."

పది రోజులుగా ఈ ఇంట్లో విమానం టైముల గురించి, డ్యూటీల గురించి, ల్యాబు గురించి మాట్లాడని మనిషి లేడు. ఆ పిల్లని మాత్రం ఎవరమూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

"అడిగేద్దాం" అని అన్నయ్య లోపలి గది వైపు తిరిగాడు. "పిచ్చుకా! ఒకసారి ఇటు రామ్మా."

వదిన గబుక్కున లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. "వద్దండీ. ఆ మాట దాన్ని అడగొద్దు. ఏం చెప్పినా మనలో ఒకరిని వదిలేసినట్టు అనుకుంటుంది. జన్మంతా అనుకుంటుంది."

"ఇంకెలా తేలుతుంది? నువ్వే చెప్పు."

"నాకు తెలియదు. కానీ అలా వద్దు."

తలుపు తెరుచుకుంది. పిచ్చుక గుమ్మంలో నిలబడింది. చేతిలో పెన్ను ఉంది, అరచేతి నిండా సిరా ఉంది. హోంవర్కు ఎప్పుడో ఆపేసినట్టుంది. వాళ్లమ్మ చెయ్యి వాళ్ల నాన్న చేతి మీద ఉండటం చూసింది. గడియారం ఐదూ నలభై చూపిస్తోంది.

అన్నయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, నీకో మాట..." అని మొదలుపెట్టాడు.

పిచ్చుక వెనక్కి ఒక అడుగు వేసింది.

"నాన్నా, నన్ను మాత్రం అడగొద్దు" అంది.